గేరి చరిత్ర – 9: తాళం వేసిన ఇల్లు, లెక్కలోకి రాని మనిషి



పోయిన భాగం చదివి డిగ్రీ చదివే తమ్ముడొకడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, ఈసారి జనాభా లెక్కల్లో కులం కూడా రాస్తారంట కదా. రాస్తే మనకేం ఒరుగుతుంది? భూమి వస్తుందా, ఉద్యోగం వస్తుందా?"

మంచి ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. మా అవ్వ దగ్గర మొదలుపెడతాను.

2011 ఫిబ్రవరి. నేను అప్పుడు ఎమ్మే చదువుతున్నాను, సెలవుకు ఊరికి వచ్చాను. జనాభా లెక్కల సారు వచ్చినాడని పిలుపొచ్చింది. పక్క మండలం బడిపంతులు. ఆయన మా గేరి లోపలికి రాలేదు. గేరి మొదట్లో ఉండే వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేమే ఒక్కో ఇంటివాళ్ళం వరసగా పోయి నిలబడ్డాం.

"నీ వయసెంతమ్మా?"

"గంజి కరువు నాటికి నేను తప్పటడుగులు వేస్తాంటినంట సార్. మా యమ్మ చెప్తాండె."

సారు ఒక నిమిషం ఆలోచించి 60 అని రాసుకున్నాడు. గంజి కరువంటే 1952. ఆ లెక్కన అవ్వ వయసు 60 దాటి ఉండాలి. కానీ పుట్టినరోజు కాగితం లేనివాళ్ళ వయసు చివర సున్నానో అయిదో పడుతుంది. దేశం మొత్తం పట్టికల్లో 40, 45, 50, 60 దగ్గర జనం గుంపుగా పెరిగిపోయి కనబడతారు. అది చూస్తేనే చెప్పొచ్చు, ఎంతమంది చదువు లేకుండా, పుట్టుక నమోదు లేకుండా పెరిగారో.

ఏడో ప్రశ్న మతం. అవ్వ నా ముఖం చూసింది. ఆమె ఆదివారం మందిరానికి పోతుంది, ఊరి జాతరలో పెద్దమ్మకు కోడిని కోస్తుంది. ఏం చెప్పాలో ఆమె తేల్చుకునేలోపే సారు "హిందూ" అని రాసేశాడు. ఎనిమిదో ప్రశ్న ఎస్సీనా, ఎస్టీనా. ఇది మాత్రం చెట్టు కింద ఉన్న అందరికీ వినబడేటట్టు అడిగాడు.

మా పక్కిల్లు చిన్నాయనది. "ఆ ఇల్లు?" అన్నాడు సారు.

"తాళం సార్. బెంగుళూరికి బేల్దారి పనికి పోయినారు. ఉగాదికి వస్తారు."

సారు తరువాతి ఇంటికి పోయాడు.

ఉగాదికి చిన్నాయన వచ్చినప్పుడు అడిగాను, ఆడ మిమ్మల్ని ఎవరైనా రాసుకున్నారా అని. "బిల్డింగ్ కట్టేకాడ రేకుల షెడ్డులో ఉంటిమిరా. మమ్మల్ని ఎవరు రాసుకుంటారు?" అన్నాడు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 40,81,148. అందులో మా చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ళ ఇద్దరు పిల్లలు లేరు. బెంగుళూరు లెక్కలోనూ లేరు.

ఈ నలుగురి కథ చెప్పుకోవాలంటే నూట యాభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

మద్రాసు రాజధానిలో మొదటి పెద్ద జనాభా లెక్క 1871లో జరిగింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. మన తాలూకాలన్నీ బళ్ళారి జిల్లాలో ఉండేవి, 1882లో విడదీశారు. 1871లో ఈ తాలూకాల్లో సుమారు 7 లక్షల 41 వేల మంది ఉన్నారు. మామూలుగా అయితే పదేళ్ళలో జనం పెరగాలి. 1881 లెక్కలో 6 లక్షలకు కాస్త తక్కువే తేలారు. అయిదుగురిలో ఒకరు లేరు.

నడుమ ఏం జరిగింది? ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఎండిపోయిన కాలం. కరువు పనుల్లో మట్టి మోసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర డబ్బులు చాలని తేల్చినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని వాదించినవాడు మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్. 1871 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రాసింది కూడా ఈ కార్నిషే. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టిన మనిషే, వాళ్ళు ఎలా రాలిపోతున్నారో కళ్ళారా చూశాడు.

ఆ పోయిన లక్షా నలభై వేలలో కొందరు వలస పోయి ఉంటారు. ఎక్కువమంది చచ్చిపోయారు. ధాన్యం గాదెలున్నవాళ్ళు కాదు పోయింది. సెంటు భూమి లేని కూలీలు, మగ్గం ఆగిపోయిన నేతగాళ్ళు ముందు పోయారు. మన తాతముత్తాతల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. వాళ్ళు పోయారని చెప్పే సాక్ష్యం ఈ రెండు అంకెల మధ్య తేడా ఒక్కటే. 1871లో లెక్కపెట్టకపోయి ఉంటే, 1881లో ఎందరు మాయమయ్యారో చెప్పేవాళ్ళే ఉండేవారు కాదు.

జనాభా లెక్క చేసే మొదటి పని ఇదే మిత్రులారా. మాయమైనవాళ్ళను చూపిస్తుంది, అది కూడా ముందు ఒకసారి లెక్కపెట్టి ఉంటేనే.

రెండో పని పేరు పెట్టడం. ఇక్కడే అసలు తగాదా.

నాలుగు వర్ణాలనేవి నిజంగా ఎప్పుడైనా ఉన్నాయా అన్న అనుమానం కార్నిష్ తన నివేదికలోనే రాశాడు. కానీ ఆ తరువాత వచ్చిన అధికారులకు ఆ అనుమానం లేదు. 1901లో కమిషనర్ రిస్లీ కులాలను పైనుంచి కిందికి, గౌరవం ప్రకారం వరస పెట్టమన్నాడు. ఇక చూడండి, దేశమంతా కుల సంఘాలు అర్జీలు పట్టుకుని బయలుదేరాయి. మమ్మల్ని క్షత్రియులని రాయండి, మమ్మల్ని బ్రాహ్మణులని రాయండి అని. బెంగాల్‌లో 1911 నాటికి వచ్చిన అర్జీల బరువు ఒకటిన్నర మణుగులు, ఇప్పటి లెక్కలో 50 కిలోల పైమాటే. అందరికీ ఒక మెట్టు పైకి ఎక్కాలనే ఆశ. నిచ్చెననే తీసేయమని అడిగినవాళ్ళు తక్కువ.

1911లో కమిషనర్ గెయిట్ ఇంకో పని చేశాడు. హిందువులుగా రాసుకుంటున్నవాళ్ళలో ఎవరు నిజంగా ఆ పరిధిలో ఉన్నారో తేల్చడానికి పది పరీక్షలు పెట్టాడు. బ్రాహ్మణుడి ఆధిక్యాన్ని ఒప్పుకోనివాళ్ళు, వేదాన్ని ప్రమాణంగా తీసుకోనివాళ్ళు, గుడి లోపలికి రానివ్వబడనివాళ్ళు, తాకితే మైల అనిపించుకునేవాళ్ళు, చనిపోయినవాళ్ళను పూడ్చేవాళ్ళు, గొడ్డుమాంసం తినేవాళ్ళు. మిగతావీ ఈ తీరువే. మా గేరికి ఈ పరీక్ష పెడితే ఒక్కటి కూడా తప్పం. బాబాసాహెబ్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఈ పది పరీక్షలనే తీసుకుని, అంటరానివాళ్ళు ఎలా వేరుపడ్డారో చర్చించారు. సర్కారు గుమాస్తాలు రాసుకున్న కాగితాన్ని మన చరిత్రకు ఆధారంగా మార్చడం ఎలాగో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

తెలుగు నేల మీద మనవాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ అని పిలిచారు. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ఆయన వేదిక మీద ఆ పేరునే ప్రశ్నించారు. అయిదో వర్ణమనేది ఎక్కడుంది? మేం ఈ నేలకు మొదటివాళ్ళం. అలా పంచమ మహాసభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. అయిదేళ్ళకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం కాగితాల్లో పంచమ అనే మాట తీసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయమంది. 1931 జనాభా లెక్కలకు వచ్చేసరికి మద్రాసు రాజధానిలోని మాల మాదిగల్లో సుమారు మూడో వంతు మంది తమను ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారని గెయిల్ ఆమ్వెట్ రాశారు. అదే ఏడాది పంజాబులో మంగూరామ్ నాయకత్వంలో 4,18,789 మంది ఆద్ ధర్మీలుగా నమోదయ్యారు.

నేను తెలుగు సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలకు ఒక మాట చెబుతుంటాను. ఆత్మగౌరవ సాహిత్యం పద్యంలోనూ పాటలోనూ మాత్రమే మొదలవలేదు. ఎన్యూమరేటర్ ముందు నిలబడి, వాడు రాయబోయిన పేరు కాదని తన పేరు తాను చెప్పిన అక్షరం రాని మనిషి నోట్లో కూడా మొదలైంది.

ఆ పేరు చెప్పడం ఎందుకంత ముఖ్యమో 1932 చెబుతుంది. ఎవరికి ఓటు, ఎవరికి ఎన్ని సీట్లు అని తేల్చడానికి లోథియన్ కమిటీ వేశారు. అంబేడ్కర్ అందులో సభ్యుడు. సంయుక్త రాష్ట్రాల్లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్ వైపు, అంటరానివాళ్ళు 1 కోటి 26 లక్షలని సెన్సస్ కమిషనర్ అంచనా. రాష్ట్ర ప్రభుత్వం 68 లక్షలంది. అక్కడి పెద్దమనుషులు కూర్చున్న రాష్ట్ర ఓటుహక్కు కమిటీ 6 లక్షలంది. బెంగాల్‌లో సెన్సస్ 1 కోటి 3 లక్షలంటే, ఆ కమిటీ 70 వేలంది. ఒక్క ఏడాదిలో కోటి మంది ఎక్కడికి పోయారు? ఎక్కడికీ పోలేదు. అంకెను బట్టి సీట్లు ఇవ్వాల్సి వచ్చేసరికి, అంటరానితనమే లేదన్నారు. నిన్నటిదాకా బావి దగ్గరికి రానివ్వనివాళ్ళే, మా దగ్గర అంటరానివాళ్ళు ఎవరూ లేరని చెప్పారు. ఈ వివరం బాబాసాహెబ్ స్వయంగా రాసిపెట్టారు. తమ్ముడూ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. లెక్కతో ఏమీ రాకపోతే, దాన్ని తగ్గించడానికి వాళ్ళు అంత కష్టపడరు.

స్వాతంత్ర్యం తరువాత 1948లో సెన్సస్ చట్టం వచ్చింది. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీలను మాత్రమే కులాల వారీగా లెక్కపెట్టారు. మిగతా కులాల అంకెలు 1931 దగ్గరే ఆగిపోయాయి. దాని అర్థం ఏంటంటే, మనం ఎంతమందిమో, మనలో ఎంతమందికి చదువుందో, ఎంతమంది కూలికి పోతారో అందరికీ తెలుసు. పైకులాలు ఎంతమందో, వాళ్ళ చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. వెలుతురు కిందివాళ్ళ మీదే. పైవాళ్ళకు తొంభై ఏళ్ళుగా చీకటి చాటు. కులం లెక్క అడిగితే కులపిచ్చి అనేవాళ్ళకు ఆ చాటు పోతుందనే భయం.

అడిగితేనే బయటపడుతుందనడానికి ఇంకో సాక్ష్యం చెబుతాను. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 1993 చట్టం నిషేధించింది. మా రాష్ట్రంలో ఆ పని లేనేలేదని ప్రభుత్వాలు సుప్రీంకోర్టులో చెబుతూ వచ్చాయి. కోలార్ గనుల కాలనీలో పుట్టిన మన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ పోరాడుతూ వచ్చారు. మన అనంతపురం పట్టణంలోనే పొడి మరుగుదొడ్లు ఎత్తిన ఆడవాళ్ళ బతుకు గురించి గీతా రామస్వామి 2005లో పుస్తకం రాశారు. 2011 సెన్సస్ ఇళ్ళ జాబితాలో ఒక గడి పెట్టారు: ఈ ఇంటి మరుగుదొడ్డిలో మలాన్ని మనిషి తీస్తాడా? దేశంలో దాదాపు 7 లక్షల 94 వేల మరుగుదొడ్లకు అవునని జవాబొచ్చింది. లేదన్నది లెక్కల్లో లక్షలుగా తేలింది. ఆ తరువాతే 2013 చట్టం, 2014 సుప్రీంకోర్టు తీర్పు వచ్చాయి. పోరాటమే లేకపోతే గడి వచ్చేది కాదు, గడి లేకపోతే పోరాటానికి ఆ అంకె దొరికేది కాదు.

ఇక మన కరువు సీమకు వద్దాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. చెనిక్కాయ పీకడం అయిపోతే గేరిలో పని ఉండదు. సంక్రాంతి దాటాక ఇళ్ళకు తాళాలు పడతాయి. సెన్సస్ ఎప్పుడొస్తుంది? ఫిబ్రవరిలో. దేశంలో ఎక్కువచోట్ల జనం ఇంటిపట్టున ఉండే నెల అని అధికారుల లెక్క. అనంతపురంలో మాత్రం అది వలస నెల. ఆ రోజుల్లో మనిషి ఎక్కడుంటే అక్కడ రాసుకోవాలన్నది నియమం. గూడు లేనివాళ్ళను చివరి రోజు రాత్రి లెక్కపెట్టాలి. కాగితం మీద నియమం బాగుంది. కట్టే బిల్డింగు వెనక రేకుల షెడ్డు మాత్రం అటు ఇల్లు కాక, ఇటు ఫుట్‌పాత్ కాక మిగిలిపోతుంది.

పనిచేసేవాళ్ళ పట్టిక కూడా చూడండి. ఏడాదిలో ఆరు నెలలు పని దొరికితే ప్రధాన కార్మికులు, అంతకంటే తక్కువైతే ఉపాంత కార్మికులు. మా అమ్మ పొద్దు పొడవకముందు లేచి పొద్దుగూకాక కూర్చునే మనిషి. లెక్కల్లో ఆమె ఉపాంత కార్మికురాలు. తప్పు మా అమ్మది కాదు, వానది, భూమి లేనితనానిది. 2011లో దేశంలో సేద్యం చేసుకునేవాళ్ళు 11 కోట్ల 88 లక్షలైతే, వ్యవసాయ కూలీలు 14 కోట్ల 43 లక్షలు. రైతు దేశమని పాటలు పాడుకునే దేశంలో రైతుల కంటే కూలీలే ఎక్కువ. ఆ కూలీలు ఎవరో గేరిలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

సరిహద్దు జిల్లా కాబట్టి మనకు ఇంకో చిక్కుంది. ఎస్సీ, ఎస్టీ జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. మన తండాలో లంబాడీ ఎస్టీ. చెరుకు కొట్టడానికో రాళ్ళు కొట్టడానికో కర్ణాటకలోకి పోయి అక్కడ లెక్కకు దొరికితే ఎస్సీ. రాయదుర్గంలో బోయ బీసీ, అవతల బళ్ళారిలో అదే కులానికి నాయక, వాల్మీకి పేరుతో ఎస్టీ. రెండు ఊళ్ళ మధ్య చెక్‌పోస్టు ఒకటే అడ్డం, వియ్యాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. చరిత్ర అంటే ఏ గడిలో ఎవరిని రాశారన్న చరిత్ర కూడా.

మా అవ్వ తడబడిన ఏడో ప్రశ్నకు తిరిగి వద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు బయటే. మందిరానికి పోయినా గేరి మారదు, బావి మారదు, శ్మశానం మారదు. అయినా ఏడో గడిలో ఒక మాట మారితే ఎనిమిదో గడి ఖాళీ అయిపోతుంది. అందుకే మన దగ్గర లక్షల మంది నోరు తెరిచి తమ దేవుడి పేరు చెప్పలేరు. ఈ అన్యాయం సరిచేయమని మన రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి పంపింది. మనుషుల విశ్వాసం గురించి మన సెన్సస్ చెప్పే అంకె నిజమా, భయమా అని ఎవరైనా అడిగితే, మా అవ్వ ముఖం గుర్తొస్తుంది నాకు.

2021లో జరగాల్సిన లెక్క కోవిడ్‌తో వాయిదా పడి, పడి, ఇప్పుడు 2027 మార్చి 1 గడువుగా జరుగుతోంది. 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య ఇళ్ళ జాబితా, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. అన్ని కులాలనూ రాస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. మంచిదే. కానీ 2011 సామాజిక ఆర్థిక కుల సర్వేలో ఏం జరిగిందో మరిచిపోవద్దు. ఇంటిపేర్లు, గోత్రాలు, బిరుదులు అన్నీ కులాలుగా రాసి 46 లక్షల పేర్లు తేల్చారు. ఆ కులాల అంకెలను ఇప్పటిదాకా బయటపెట్టలేదు.

మనలో మనకు కూడా ఒక మాట ఉంది. దాచి లాభం లేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. 2025లో మన రాష్ట్రం ఎస్సీ కులాలను మూడు గుంపులు చేసి 1, 6.5, 7.5 శాతాలుగా పంచింది. దానికి ఆధారం 2011 అంకెలే. మన ఎస్సీ జాబితాలో మాల, మాదిగ, రెల్లితో పాటు ఆది ఆంధ్ర అనే పేరు విడిగా ఉంది. భాగ్యరెడ్డి వర్మ మాల మాదిగలను కలపడానికి పెట్టిన పేరు, ఇప్పుడు పంపకం దగ్గర "మీరు ఎటువైపు" అనే ప్రశ్నగా నిలబడింది. నేను మాదిగింట్లో పుట్టాను. వర్గీకరణ న్యాయమని నమ్ముతాను. అయినా ఆ పేరు ముందు నిలబడినప్పుడు నాకు గర్వమూ బాధా రెండూ కలుగుతాయి. మాల మిత్రులతో గొడవపడే ముందు ఇద్దరం కలిసి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పదిహేను శాతం మీద మనం కొట్టుకుంటుంటే, మిగతాది ఎవరి దగ్గర ఎంతుంది? దానికి జవాబు ఈసారి కులాల పట్టికలోనే ఉంది. అందుకే అది బయటికి రావాలి.

విద్యార్థి మిత్రులకు నాలుగు పనులు.

ఒకటి, మీ ఇంట్లో అందరి పుట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసిపెట్టండి. అవ్వతాతల వయసు సారు ఊహకు వదలొద్దు. రెండు, కులం పేరు జాబితాలో ఉన్నట్టే చెప్పండి. హరిజనులమనో ఇంటిపేరో చెబితే అది ఎక్కడికో పోయి పడుతుంది. రాసింది చదివించుకోండి. ఈసారి లెక్క ఫోన్లలో జరుగుతుంది కాబట్టి తెర చూపించమని అడగండి. మూడు, గేరిలో తాళాలు వేసిన ఇళ్ళ జాబితా మీరే రాయండి. ఎవరు ఏ ఊళ్ళో, ఎవరి మేస్త్రీ కింద ఉన్నారో ఫోన్ చేసి, అక్కడ లెక్కకు నిలబడమని చెప్పండి. నాలుగు, లెక్కల సారును గేరి లోపలికి పిలవండి. మర్యాదగా పిలవండి, కానీ పిలవండి. మీ జవాబులు రహస్యం, కోర్టులో కూడా వాటిని సాక్ష్యంగా వాడకూడదని సెన్సస్ చట్టమే చెబుతోంది. భయపడాల్సిన పని లేదు.

తమ్ముడూ, లెక్క వల్ల రేపే భూమి రాదు. ఉద్యోగం రాదు. కానీ మనం ఎంతమందిమో తెలియకపోతే, మన వాటా ఎంతో చెప్పే పని ఎప్పుడూ ఇంకొకడి చేతుల్లోనే ఉంటుంది. 1932లో ఒక కమిటీ ఆరు లక్షలని చెప్పినట్టే చెబుతారు.

మా అవ్వ 2022లో చనిపోయింది. 1951 నుంచి 2011 దాకా ఏడు లెక్కల్లో ఆమె ఒక అంకె. ఆ ఏడు సార్లలో ఒక్కసారి కూడా ఆమె వయసు సరిగా రాసి ఉండరు. చిన్నాయన ఇంకా బేల్దారి పనికి పోతూనే ఉన్నాడు. 2027 ఫిబ్రవరిలో ఎక్కడుంటాడో ముందే కనుక్కుంటాను. అవసరమైతే సెలవు పెట్టి ఆ షెడ్డు దగ్గరికే పోయి, లెక్కల సారు వచ్చేదాకా కూర్చుంటాను.

వచ్చే భాగంలో గంజి కేంద్రాల గురించి రాస్తాను. మీ అవ్వతాతల దగ్గర కరువు మాటలేమైనా ఉంటే రాసి పంపండి.

జై భీమ్.